అట్టహాసం అంటే అదే అని యాప్ చెప్పింది, రాశాను, క్లాసులో పరువు పోయింది

కొత్తపేట_కుర్రాడు
బ్యాంకు పరీక్షలకి ప్రిపేర్ అవుతున్నాను. అమలాపురంలో ఒక కోచింగ్‌కి వెళ్తున్నా, పేరు ఎందుకులెండి. రోజుకి ఇరవై ఇంగ్లీషు మాటలు ఇస్తారు. మర్నాడు ఒక్కో మాటతో ఒక్కో వాక్యం రాసుకెళ్ళాలి. నిన్నటి లిస్టులో పదకొండోది: జి, యు, రెండు ఎఫ్‌లు, ఏ, డబ్ల్యూ. యాప్‌లో కొడితే తెలుగులో ఒక్కటే మాట చూపించింది, 'అట్టహాసం' అని. అట్టహాసం మనకి తెలియని మాటా? పేపర్లో రోజూ చూస్తాం. అట్టహాసంగా నామినేషన్, అట్టహాసంగా రథోత్సవం. అంటే ఘనంగా, ఆర్భాటంగా అనే కదా. మొన్న మాఘంలో మా అక్క పెళ్ళయింది. ఆ ఊపులో రాసేశాను, 'మా అక్క పెళ్ళి గొప్ప గుఫ్ఫావ్‌తో జరిగింది' అని, ఇంగ్లీషులోనే.
లేచి గట్టిగా చదవమన్నారు. చదివాను. సార్ చాక్‌పీసు బల్ల మీద పెట్టేసి మరీ నవ్వారు. వెనక బెంచీల వాళ్ళకి అర్థం కాకపోయినా సార్ నవ్వారని వాళ్ళూ నవ్వారు. అంతా అయ్యాక సార్ ఒక్కటే మాటన్నారు: "ఇప్పుడు మేం చేసిందే ఆ మాటకి అర్థం, కూర్చో."
అసలు తప్పు నాదా, యాప్‌దా, తెలుగుదా? ఆ మాట ఎలా పలకాలి? ఈ ఇరవై ఇరవై మాటలు ఆదివారం వచ్చేసరికి ఒక్కటీ గుర్తుండట్లేదు, దానికేం చెయ్యాలి?

తణుకు_లేయర్లు
పెళ్ళిలో నిజంగా ఎవరూ నవ్వలేదా ఏంటి. నవ్వుంటే వాక్యం కరెక్టే.

పంటు_ప్రయాణికుడు
గుఫ్ఫావ్ 😂 పిల్లి మీద కుక్క మొరిగినట్టుంది.

మాస్టారు_మండపేట
బాబూ, ముందు పలుకుబడి. చివరి డబ్ల్యూ పలకదు. లా చదివాను అంటామే, ఆ 'లా'తో ప్రాస. 'గఫా'. మొదటి 'గ' తేలిగ్గా వదిలేసి 'ఫా' మీద బరువు వెయ్యాలి. 'గ' మీద బరువు వేస్తే వినేవాడికి ఇంకేదో మాటలా ఉంటుంది. నామవాచకంగానూ వాడతారు, క్రియగానూ వాడతారు. ఒక గఫా పెట్టాడు, గఫాడు... తెలుగులో అలా అనలేం గానీ ఇంగ్లీషులో రెండూ ఒకే మాట.
అర్థం: ఆపుకోలేక ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చే పెద్ద నవ్వు. కాస్త మోటుగా, చుట్టూ ఉన్నవాళ్ళు తల తిప్పి చూసేలా ఉంటుంది.
ఇక యాప్‌ని తిట్టకండి. యాప్ చెప్పింది తప్పు కాదు. సంస్కృతంలో అట్టహాసం అంటే పెద్ద నవ్వే. హాసం అన్న ముక్క అందులోనే ఉంది, చూడండి. కాళిదాసు మేఘసందేశంలో కైలాసం మీది మంచుని శివుడి అట్టహాసం రోజురోజుకీ కుప్పపడ్డట్టుంది అని వర్ణిస్తాడు. కవుల లెక్కలో నవ్వు తెల్లగా ఉంటుంది కాబట్టి ఆ పోలిక. తెలుగులోకి వచ్చాక నవ్వు ఎగిరిపోయి చప్పుడొక్కటే మిగిలింది. చప్పుడు నుంచి హడావుడి, హడావుడి నుంచి వైభవం. ఇప్పుడు మనం నవ్వకుండానే అట్టహాసంగా పెళ్ళిళ్ళు చేస్తున్నాం.

ధవళేశ్వరం_గేటు
@మాస్టారు_మండపేట వికటాట్టహాసం అన్నప్పుడు మాత్రం నవ్వు ఇంకా బతికే ఉందండి. నాటకాల్లో రాక్షసుడు చేసేది అదే కదా. ఒంటరిగా వస్తే వైభవం, 'వికట' తోడొస్తే నవ్వు. ఇదేం మాటండీ బాబూ, భర్తతో వస్తే ఒకలా, విడిగా వస్తే ఒకలా ఉండే మా పిన్నిలాగ.

పాలకొల్లు_పావని
పిన్ని గారు ఈ ఫోరంలో లేరు కదా?

ధవళేశ్వరం_గేటు
లేదండి. ఉంటే నేను ఉండేవాణ్ణి కాదు.

కొత్తపేట_కుర్రాడు
మాస్టారూ, అయితే నా వాక్యం కాళిదాసు కాలంలో ఒప్పు అన్నమాట.

మాస్టారు_మండపేట
కాళిదాసు కాలంలోనూ తప్పే బాబూ. పెళ్ళి నవ్వదు, పెళ్ళికొచ్చినవాళ్ళు నవ్వుతారు.

లంకల_రాజు
గుర్తుండటానికి నా దగ్గర ఉపాయం ఉంది. మన ఊళ్ళలో గప్పాలు కొట్టేవాళ్ళు ఉంటారు కదా. మొన్న గోదారిలో మా బాబాయి పట్టిన పులస చెయ్యంత ఉందని చెప్తే విన్నవాడు ఏం చేస్తాడు? గఫా. గప్పా కొడితే గఫా. అయిపోయింది. ఇక చచ్చినా మర్చిపోరు.

పంటు_ప్రయాణికుడు
దానికంటే సులువు: గప్‌చుప్‌కి వ్యతిరేకం గఫా.

తణుకు_లేయర్లు
పులస చెయ్యంత ఉంటే అది గప్పా ఎందుకవుతుంది? నేను చూశాను.

లంకల_రాజు
@తణుకు_లేయర్లు గఫా.

కాకినాడ_కోచింగ్
ఇలాంటి చిట్కాలతో ప్రమాదం ఉందని చెప్తే ఎవరూ వినరు. ఎనిమిదేళ్ళుగా ఇంగ్లీషు చెప్తున్నాను. ధ్వని పోలికతో గుర్తుపెట్టుకోవడం మంచిదే, దాన్ని కీవర్డ్ పద్ధతి అంటారు, కొత్తేం కాదు. కానీ అది మాటని గుమ్మం వరకే తెస్తుంది. పరీక్షలో నాలుగు ఆప్షన్లు ఇస్తాడు: గిగిల్, చకిల్, స్నిగర్, గఫా. నాలుగూ నవ్వులే. 'గప్పా కొడితే వచ్చే నవ్వు' అని గుర్తుంటే నాలుగింటిలో ఏది పెట్టాలో ఎలా తేల్చుకుంటారు? గప్పా విని ముసిముసిగానూ నవ్వచ్చు కదా.
మాటల్ని జట్టుగా నేర్చుకోవాలి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి. గిగిల్ అంటే పిల్లల కిలకిల, సిగ్గుతోనో ఆపుకోలేకో వచ్చేది. చకిల్ అంటే నోరు పెద్దగా తెరవకుండా గొంతులో నవ్వుకోవడం. పేపర్ చదువుతూ మా నాన్నగారు చేసేది అదే. స్నిగర్ అంటే ఎదుటివాడి మీద చాటుగా కిసుక్కుమనడం, మంచి నవ్వు కాదు. గఫా వీటన్నిటికంటే పెద్దది, దాపరికం లేనిది. ఈ నాలుగూ ఒక వరసలో పెట్టుకుంటే ఏదీ జారిపోదు.
ఇక మర్చిపోవడం గురించి. 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన తన మీద తానే ప్రయోగం చేసుకుని చెప్పాడు, నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే పోతుందని. కాబట్టి ఈరోజు ఇరవై, రేపు మరో ఇరవై అని పరిగెత్తకుండా, ఈరోజువి రేపు ఒకసారి, మూడు రోజులకి ఒకసారి, వారానికి ఒకసారి చూసుకోవాలి. మీ సార్ ఇరవై ఇస్తే మీరు పన్నెండే పట్టుకోండి.

కొత్తపేట_కుర్రాడు
పన్నెండు పట్టుకుంటే మిగతా ఎనిమిదికీ నిలబెడతారండి.

తణుకు_లేయర్లు
నాకు ఇంగ్లీషు రాదు గానీ కోళ్ళు వచ్చు. మా అమ్మాయి స్కూల్లో 'క్యాకిల్' అనే మాట ఇచ్చారు. కోడి గుడ్డు పెట్టాక చేసే గోలని అలా అంటారట, మనుషులు కీచుగా గట్టిగా నవ్వినా అదే మాటట. నాకు ఒక్క రోజులో వచ్చేసింది. పొద్దున్న మా షెడ్లోకి వచ్చి నిలబడండి, క్యాకిల్ అంటే ఏంటో చెవులు చిల్లులు పడేలా తెలుస్తుంది. కోచింగ్ ఫీజు అక్కర్లేదు, మాస్కు మాత్రం తెచ్చుకోండి.

పాలకొల్లు_పావని
@కాకినాడ_కోచింగ్ ఇంగ్లీషు నవ్వులు బాగా చెప్పారు. తెలుగులో గఫాకి సరైన మాట ఏదంటారు? పకపకా?

కాకినాడ_కోచింగ్
పకపక దగ్గరే గానీ అందులో మోటుతనం లేదు. పగలబడి నవ్వడం అనుకోవచ్చు.

లంకల_రాజు
పగలబడి నవ్వడం చాలాసేపు సాగుతుంది కదా. మాస్టారు చెప్పినదాన్ని బట్టి గఫా ఒక్క పేలుడు. భళ్ళున నవ్వాడు అంటామే, అది.

ధవళేశ్వరం_గేటు
గొల్లున?

మాస్టారు_మండపేట
గొల్లున కుదరదు. గొల్లుమనాలంటే పదిమంది ఉండాలి. ఒక్కడు గొల్లుమనలేడు. పైగా తెలుగులో గొల్లున నవ్వుతారు, గొల్లున ఏడుస్తారు కూడా. ఆ మాటకి గోల ముఖ్యం, సంతోషమా దుఃఖమా దానికి పట్టదు. ఫక్కున అంటే హఠాత్తుగా వస్తుంది గానీ పెద్దదే కానక్కర్లేదు. రాజు గారి 'భళ్ళున' నాకు నచ్చింది. కుండ పగిలినట్టు ఒక్కసారిగా, గట్టిగా. ఎనిమిది మార్కులు.

లంకల_రాజు
మిగతా రెండూ ఎందుకు కోశారండి?

మాస్టారు_మండపేట
రేపటికి ఆశ ఉండాలి కదా.

యానాం_యాత్రి
మా యానాంలో 1954 దాకా ఫ్రెంచి వాళ్ళే కదా. మా తాతయ్య ఫ్రెంచి బడిలో చదివారు. పెద్ద నవ్వుకి ఆయన అనే మాట 'రీర్ ఓజెక్లా'. ఎక్లా అంటే పగిలిన ముక్క, పెచ్చు. ముక్కలు ముక్కలయ్యేలా నవ్వడం అన్నమాట. మనం పొట్ట చెక్కలయ్యేలా అంటాం. పగలబడి అంటాం. నవ్వితే ఏదో ఒకటి పగలాలి అని ఇద్దరికీ ఎలా తోచిందో!

పంటు_ప్రయాణికుడు
ఇంగ్లీషు వాడిక్కూడా పగులుతుంది. బరస్ట్ అవుట్ లాఫింగ్ అంటాడుగా, పైపు పగిలినట్టు.

డెల్టా_టు_డల్లాస్
రావులపాలెం నుంచి వచ్చినవాణ్ణి, ఈ మాటతో నాకు పెద్ద కథే ఉంది. నేను జీఆర్ఈ రాసే రోజుల్లో, అంటే 2011కి ముందు, పరీక్షలో వ్యతిరేక పదాలు అడిగేవాడు. 2011లో పరీక్ష మార్చి అది తీసేశారు. మేం మాత్రం వేలకొద్దీ మాటలు బట్టీ పట్టాం. గఫా అందులో చిన్న చేప. దానికి ముత్తాత ఇంకోటుంది, 'క్యాకినేట్' అని. లాటిన్ నుంచి వచ్చింది. అర్థం అదే, గట్టిగా నవ్వడం. ఇన్నేళ్ళలో దాన్ని అమెరికాలో ఎవరి నోటా వినలేదు. రూమ్మేట్లు అందరం రోజంతా క్యాకినేట్ క్యాకినేట్ అనుకునేవాళ్ళం, కాకినాడ అబ్బాయి మాత్రం ప్రతిసారీ కోపం తెచ్చుకునేవాడు.
అసలు కథ ఇది కాదు. ఇక్కడ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది మా కొత్త సాఫ్ట్‌వేర్ క్లయింట్‌కి చూపించాం. బాగా జరిగింది. మధ్యలో మా వాడు ఒక జోకు వేస్తే అంతా భళ్ళున నవ్వారు. ఆ సంతోషంలో మేనేజర్‌కి మెయిల్ పెట్టాను, 'క్లయింట్ మన డెమోని చూసి గఫా పెట్టారు' అనే అర్థం వచ్చేలా. పది నిమిషాల్లో ఫోన్. "ఏం జరిగింది? ఎక్కడ చెడింది?" అని. ఒకదాన్ని *చూసి* గఫా పెట్టారు అంటే ఇంగ్లీషులో వెక్కిరించారు, కొట్టిపారేశారు అనే ధ్వని వస్తుందట. ఒక జోకుకి గఫా పెడితే పర్వాలేదు, ఒక ప్రతిపాదనకి గఫా పెడితే అది పోయినట్టే. చిన్న 'ఎట్' ముక్క నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.
కుర్రాడూ, నువ్వు క్లాసులో పడ్డావు, అదృష్టవంతుడివి. నేను జీతం తీసుకుంటూ పడ్డాను.

కాకినాడ_కోచింగ్
ఇదండీ నేను చెప్పేది. మాట ఒంటరిగా రాదు, పక్కన ఏ ముక్క తగిలిస్తున్నామో అది కూడా నేర్చుకోవాలి. @డెల్టా_టు_డల్లాస్ మీ కథ రేపు క్లాసులో చెప్పుకోవచ్చా?

డెల్టా_టు_డల్లాస్
చెప్పండి. నా పేరు మాత్రం వద్దు. కాకినాడ అబ్బాయి పేరు పెట్టుకోండి.

మాస్టారు_మండపేట
క్యాకినేట్ అన్నారు కాబట్టి ఒక మాట. లాటిన్‌లో 'కకిన్నారే', గ్రీకులో దానికి దగ్గరగా 'కఖాజీన్', మన పాణినీయుల ధాతుపాఠంలో, అంటే సంస్కృత క్రియల మూలాల పట్టికలో, 'కఖ' అనే ధాతువు, నవ్వు అనే అర్థంలో. మూడు చోట్లా క, ఖ. నోరు తెరిచి గట్టిగా నవ్వితే గొంతులోంచి వచ్చే చప్పుడే అది. గఫా కూడా అంతే. అది స్కాట్లాండ్ వాళ్ళ మాట, నవ్వు చప్పుడుని బట్టే పుట్టింది, 18వ శతాబ్దం మొదట్లో రాతకెక్కింది. ఇంతకీ ఇవి బట్టీ పట్టాల్సిన మాటలే కావు బాబూ, నవ్వి చూస్తే వచ్చేస్తాయి.

కొత్తపేట_కుర్రాడు
ఇప్పుడే మేడ మీదకెళ్ళి 'గ...ఫా' అని నాలుగుసార్లు నవ్వి చూశాను. నిజంగానే అలాగే వస్తోంది. అమ్మ కిందనుంచి "ఒంట్లో బాగుందా" అని అడిగింది.

పంటు_ప్రయాణికుడు
ఇంకో మాట, 'చార్టిల్'. ఇది 1871కి ముందు ఇంగ్లీషులోనే లేదు. లూయిస్ క్యారల్ పిల్లల పుస్తకంలో పద్యం కోసం సొంతంగా తయారుచేశాడు. చకిల్ సగం, ముక్కుతో చీదినట్టు చేసే స్నార్ట్ సగం. జనానికి నచ్చి నిఘంటువులోకి ఎక్కేసింది. మనమూ తయారుచేద్దామా? పకపక సగం, గురక సగం: పకుర్క.

తణుకు_లేయర్లు
పకుర్క అంటే సినిమా హాల్లో మా బావమరిది.

పాలకొల్లు_పావని
ఇన్ని పోస్టులు చదివాను, గఫాకి ఉదాహరణ అనగానే అందరికీ మగాళ్ళే గుర్తొస్తున్నారు. తాత, బాబాయి, బావమరిది, రాక్షసుడు. నాకు మా పెద్దమ్మ గుర్తొస్తుంది. నరసాపురం పంటు మీద సఖినేటిపల్లి వైపు వెళ్తుంటే ఇంజను చప్పుడుని మించి నవ్వేది. ఇంజను వాడు ఆపి చూసేవాడు అని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు, అది గప్పా అయ్యుండచ్చు. కానీ ఆవిడ నవ్విన ప్రతిసారీ ఎవరో ఒకరు "నవ్వు నాలుగు విధాల చేటు" అనేవాళ్ళు. మావయ్య అంతకంటే గట్టిగా నవ్వితే మాత్రం "మనిషి మనసు తెల్లకాగితం" అనేవాళ్ళు. నవ్వు ఒకటే, చేటు ఆవిడకి, కాగితం ఆయనకి.
నా పెళ్ళిచూపుల్లో నాకు చెప్పింది కూడా అదే, నవ్వొస్తే పళ్ళు కనపడకుండా నవ్వమని. పళ్ళు కనపడకుండా గఫా పెట్టడం ఎలాగో ఎవరైనా చెప్పండి.

మాస్టారు_మండపేట
ఆ పళ్ళ లెక్క చాలా పాతదమ్మా. భరతుడి నాట్యశాస్త్రంలో నవ్వుల్ని ఆరు రకాలు చేశారు. స్మితం అంటే పళ్ళు కనపడని చిరునవ్వు, హసితం అంటే కొంచెం కనపడేది. ఈ రెండూ ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితంలో కళ్ళనీళ్ళు వస్తాయి, భుజాలు, తల ఊగిపోతాయి. అతిహసితంలో గొంతు పెద్దదై పక్కలు పట్టుకుని నవ్వుతారు. ఈ రెండూ అధములవి. మీ పెద్దమ్మ గారిది అతిహసితం కిందికి వస్తుంది.

పాలకొల్లు_పావని
అంటే మా పెద్దమ్మ అధమురాలా?

ధవళేశ్వరం_గేటు
మాస్టారూ పరిగెత్తండి.

మాస్టారు_మండపేట
అది రంగస్థలం మీద పాత్రల విభజనమ్మా. రాజు పాత్ర వేసేవాడు పొట్ట పట్టుకుని నవ్వకూడదు, విదూషకుడు నవ్వచ్చు. మనుషుల మీద తీర్పు కాదు. నేను కూడా అతిహసితం వాణ్ణే, మా ఇంట్లో అడగండి.

పాలకొల్లు_పావని
రాజు నవ్వకూడదు, కోడలు నవ్వకూడదు. మొత్తానికి నవ్వే స్వేచ్ఛ విదూషకుడికే ఉందన్నమాట. సరే, మా పెద్దమ్మని ఆ జట్టులో వేసుకుంటాను. ఆవిడకి డెబ్బై రెండు, ఇంకా అలాగే నవ్వుతుంది.

పుష్కరఘాట్_వాకర్
రాజమండ్రిలో గోదావరి గట్టున పొద్దున్నే నవ్వుల క్లబ్బు ఉంది మాకు, పదిహేను మందిమి. ఈ క్లబ్బులు 1995లో ముంబైలో మదన్ కటారియా అనే డాక్టరు ఐదుగురితో పార్కులో మొదలుపెట్టినవి. మొదట్లో జోకులు చెప్పుకునేవారట, అవి అయిపోయాక జోకు లేకుండానే నవ్వడం మొదలుపెట్టారు. చేతులు పైకెత్తి హో హో హా హా హా. దీన్ని గఫా అనచ్చా?

కాకినాడ_కోచింగ్
అనకూడదేమో. గఫా తన్నుకొస్తుంది, మీరు తెప్పించుకుంటున్నారు.

పుష్కరఘాట్_వాకర్
మొదటి నిమిషం తెప్పించుకుంటాం. పక్కవాడి మొహం చూశాక మిగతాది అదే వస్తుంది. మొన్న మా ప్రెసిడెంటు గారి కట్టుడు పళ్ళు ఊడి మెట్ల మీద పడ్డాయి. ఆ రోజు మాత్రం ఎవరూ తెప్పించుకోలేదు.

పిఠాపురం_ఫార్మసీ
@పుష్కరఘాట్_వాకర్ మీరన్నది నిజం. రాబర్ట్ ప్రొవైన్ అని అమెరికా సైకాలజిస్టు ఉండేవాడు. ఒంటరిగా ఉన్నప్పటికంటే పదిమందిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువ నవ్వుతామని లెక్క తేల్చాడు. ఎక్కువ నవ్వులు జోకుల వల్ల కాదు, "సరే, వెళ్ళొస్తా" లాంటి మామూలు మాటల తర్వాతే వస్తాయట. మా షాపులో చూస్తుంటానుగా, బీపీ మాత్రలు తీసుకుంటూ ఎందుకు నవ్వుతారో వాళ్ళకే తెలీదు.

లంకల_రాజు
కుర్రాడూ, వేళకి ఒక సామెత గుర్తొచ్చింది. నవ్విన నాపచేనే పండుతుంది. నీ క్లాసులో నవ్విన వాళ్ళకి ఆ మాట రేపటికి గుర్తుండదు. నీకు డెబ్బై ఏళ్ళొచ్చినా గుర్తుంటుంది.

కాకినాడ_కోచింగ్
ఇది నేనూ ఒప్పుకుంటాను. పరువు పోయిన మాట మర్చిపోవడం కష్టం. కానీ రోజుకి ఇరవై మాటలకి ఇరవైసార్లు పరువు పోగొట్టుకోలేం కదా.

పంటు_ప్రయాణికుడు
ఎందుకు పోగొట్టుకోలేం? నాది రోజూ పోతూనే ఉంటుంది.

కొత్తపేట_కుర్రాడు
ఈరోజు క్లాసులో అదే మాటతో మళ్ళీ వాక్యం రాయమన్నారు. లంకల రాజు గారి పులసని వాడుకున్నాను. 'మా బాబాయి చెయ్యంత చేప పట్టానని చెప్తే పడవవాడు భళ్ళున నవ్వాడు' అని ఇంగ్లీషులో. 'ఎట్' వాడకుండా జాగ్రత్తపడ్డాను. సార్ బాగుంది అన్నారు. పలకడం కూడా కరెక్టుగా పలికాను. వెనక బెంచీ వాడు ఇంకా గుఫ్ఫావ్ అనే పిలుస్తున్నాడు. అది పేరైపోయింది.

లంకల_రాజు
ఆ బాబాయి నా బాబాయి. రాయల్టీ పంపు.

రేవు_దగ్గర_రాధ
ఇప్పుడే ఎవరో లింకు పంపితే చూశాను. ఒరేయ్, నా పెళ్ళి గురించి ఫోరంలో పెడతావా? అక్కని అడగక్కర్లేదా?

కొత్తపేట_కుర్రాడు
అక్కా, నువ్విక్కడికెలా వచ్చావు?

రేవు_దగ్గర_రాధ
తణుకు ఆయన మొదటే అడిగారు, పెళ్ళిలో ఎవరూ నవ్వలేదా అని. వాడు మర్చిపోయాడు గానీ నేను మర్చిపోలేదు. జీలకర్ర బెల్లం టైము. పంతులుగారి చొక్కాకి చిన్న మైకు తగిలించారు. ఆయన పక్కనే మా ఆయన వైపు మేనమామ గారు కూర్చున్నారు. పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి, మైకు ఉందన్న సంగతి మర్చిపోయి, "భోజనాల్లో పనసపొట్టు కూర ఉందా" అని అడిగారు. మేనమామ గారు నవ్వారు. మామూలు నవ్వు కాదు. సరిగ్గా మీరంతా చెప్తున్నదే. ఆ మైకులోంచి నాలుగు స్పీకర్లలోకి వెళ్ళి, కాలవ అవతల పేకాడుకుంటున్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. వీడియోలో ఉంది. ఫోటోగ్రాఫర్ దాన్ని తీసెయ్యమంటారా అని అడిగితే మా అత్తగారే వద్దన్నారు.

తణుకు_లేయర్లు
నేను మొదటే చెప్పాను, వాక్యం కరెక్టే.

మాస్టారు_మండపేట
మార్కులు వెనక్కి ఇచ్చేస్తున్నాను. 'గఫాతో జరిగింది' కాదు, 'గఫా మధ్య జరిగింది' అని రాస్తే పదికి పది.

పాలకొల్లు_పావని
ముఖ్యమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. పనసపొట్టు కూర ఉందా లేదా?

రేవు_దగ్గర_రాధ
ఉంది. పంతులుగారి బంతి వచ్చేసరికి అయిపోయింది.